రెండో రూట్‌ని ఎందుకు కొట్టేస్తారు? నాలుగు హోంవర్క్ లెక్కలు, ఒకటే చిక్కు

అమ్మా,

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను, నువ్వు చేసిన పేజీలూ చూశాను. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం, ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ ఇంగ్లిష్ మీడియం. హోంవర్క్‌లో నాలుగు లెక్కలు ఆగిపోయాయి, సోమవారం టెస్ట్, టెన్షన్‌గా ఉంది అన్నావు. ఫోన్‌లో ఫొటో తీస్తే యాప్ సొల్యూషన్ మొత్తం ఇచ్చేస్తోంది గానీ, చివర్లో వచ్చిన రెండు జవాబుల్లో (వాటినే రూట్స్ అంటారు) ఒకదాని పక్కన "రిజెక్ట్" అని రాసి వదిలేస్తోంది. క్లాసులో సార్ కూడా "ఇది నెగ్లెక్ట్ చెయ్యండి" అని ముందుకు వెళ్ళిపోయారు. ఎందుకో అర్థం కాలేదు, "నాకు మ్యాథ్స్ రాదేమో సార్" అని రాశావు.

ముందు ఆ మాట తీసేద్దాం. నీ పేజీల్లో ఫార్ములాలు సరిగ్గా ఉన్నాయి. కూడికలు, గుణకారాలు, ఫ్యాక్టర్లు అన్నీ సరిగ్గా ఉన్నాయి. మ్యాథ్స్ రాని పిల్ల పేజీ అలా ఉండదు. నువ్వు ఆగిపోయింది లెక్క చెయ్యడంలో కాదు, వచ్చిన జవాబుని చదవడంలో. నాలుగు లెక్కలు నాలుగు రకాలుగా కనబడుతున్నాయి గానీ చిక్కు ఒక్కటే. అందుకే విడివిడిగా జవాబులు చెప్పి పంపకుండా కొంచెం విడమర్చి రాస్తున్నాను. ఓపిగ్గా చదువు, పక్కన పెన్నూ కాగితం పెట్టుకో.

మొదటి లెక్క. 40 మీటర్ల ఎత్తున్న మేడ మీద నుంచి ఒక బంతిని 10 మీ/సె వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. అది ఎంతసేపటికి నేలను తాకుతుంది? జి (గురుత్వ త్వరణం) విలువ 10 మీ/సె² తీసుకోమన్నారు.

నువ్వు రాసింది ఇది: ఎస్ = యుటి + ½ ఏటి². ఇందులో ఎస్ డిస్‌ప్లేస్‌మెంట్, యు మొదటి వేగం, ఏ త్వరణం, టి కాలం. పైకి పాజిటివ్ అనుకుని యు = 10, ఏ = −10 వేశావు. అది సరే. ఎస్ దగ్గర మాత్రం 40 వేశావు. అప్పుడు 40 = 10టి − 5టి², అంటే టి² − 2టి + 8 = 0. డిస్క్రిమినెంట్, అంటే బి² − 4ఏసి, కడితే 4 − 32 = −28. నెగెటివ్. అది నెగెటివ్ అయితే టి కి విలువే ఉండదు. అక్కడ పెన్ను ఆగిపోయింది.

ఇప్పుడు హైస్కూల్లో చదివిన మాట ఒకటి గుర్తు తెచ్చుకో. డిస్‌ప్లేస్‌మెంట్‌ని మనం ఏమనేవాళ్ళం? స్థానభ్రంశం. ఆ మాటలోనే అర్థం ఉంది: స్థానం తప్పడం, ఉన్న చోటు నుంచి జరగడం. ఎంత జరిగింది అన్నది ఒక్కటే సరిపోదు, ఎటు జరిగింది అన్నదీ కావాలి. మేడ ఎత్తు 40 మీటర్లు అన్నది మేడకు సంబంధించిన సంగతి. బంతి సంగతి వేరు. బంతి బయలుదేరింది మేడ పైన, చేరింది నేల మీద. అంటే బయలుదేరిన చోటుకి 40 మీటర్లు కిందికి. పైకి పాజిటివ్ అని నువ్వే అనుకున్నావు కాబట్టి ఎస్ = −40.

అయితే ఒక్క క్షణం ఆగు. నువ్వు తప్పు రాసినప్పుడు సమీకరణం ఏం చేసిందో చూడు. +40 అని రాస్తే నువ్వు అడిగిన ప్రశ్నే మారిపోయింది. "ఈ బంతి మేడ పైనుంచి ఇంకో 40 మీటర్లు పైకి ఎప్పుడు చేరుతుంది?" అని అడిగినట్టయింది. 10 మీ/సె తో విసిరిన బంతి ఎంత పైకి వెళ్తుంది? యు²/2జి = 100/20 = 5 మీటర్లు, అంతే. 40 మీటర్లు పైకి ఎన్నటికీ చేరదు. సమీకరణం నీకు అదే చెప్పింది, నెగెటివ్ డిస్క్రిమినెంట్ రూపంలో. అది నీకు అబద్ధం చెప్పలేదు. నువ్వు అడిగినదానికి నిజాయితీగా జవాబిచ్చింది.

డిస్క్రిమినెంట్‌ని తెలుగులో విచక్షణి అంటారు. నాకు ఆ మాట చాలా ఇష్టం. జరిగేది ఏది, జరగనిది ఏది అని విచక్షణతో చెప్పేది అది.

ఇప్పుడు సరిగ్గా రాద్దాం. −40 = 10టి − 5టి². అన్నింటినీ 5తో భాగించి సర్దితే టి² − 2టి − 8 = 0. (టి − 4)(టి + 2) = 0. టి = 4 లేదా టి = −2. జవాబు 4 సెకన్లు. −2 పక్కన యాప్ "రిజెక్ట్" అని రాసింది, "టైమ్ నెగెటివ్ ఉండదు" అని చాలామంది చెబుతారు కూడా. ఈ మాటతో నేను ఒప్పుకోను. టైమ్ నెగెటివ్ ఉంటుంది. నువ్వు బంతి విసిరిన క్షణాన్ని సున్నా అనుకున్నావు. అంతకుముందు 2 సెకన్లు అంటే −2. గడియారం అప్పుడూ నడుస్తూనే ఉంది కదా!

మరి ఆ −2 దగ్గర ఏం జరిగింది? వి = యు + ఏటి లో (వి అంటే ఆ క్షణంలో వేగం) వేసి చూడు: 10 + (−10)(−2) = 30. అంటే సమీకరణం చెబుతున్నది ఇదీ: "నీ బంతిని మేడ మీద నుంచి విసిరారో, నేల మీద నుంచి ఎవరైనా 2 సెకన్ల ముందే 30 మీ/సె తో పైకి కొట్టారో నాకు తెలియదు. రెండిటికీ ఇక మీదట దారి ఒక్కటే." సరిచూసుకో. నేల మీద నుంచి 30 మీ/సె తో కొడితే 2 సెకన్లలో ఎత్తు 30×2 − 5×4 = 40 మీటర్లు. అప్పటి వేగం 30 − 20 = 10 మీ/సె. అచ్చం నీ లెక్కలో బంతి! ఇక 4 సెకన్ల తర్వాత నేలను తాకేటప్పుడు వేగం 10 − 40 = −30. వెళ్ళినప్పుడు 30, వచ్చినప్పుడు 30, గుర్తు మాత్రం తిరగబడింది.

మరి −2 ని ఎందుకు వదిలేస్తాం? అది తప్పు కాబట్టి కాదు. ఈ కథ మేడ మీద, సున్నా దగ్గర మొదలైంది కాబట్టి. సున్నాకి ముందు బంతి విసిరేవాడి చేతిలో ఉంది, మన సమీకరణం దానికి వర్తించదు. ఈ ఒక్క వాక్యం నీ పేపర్లో రాస్తే పేపర్ దిద్దేవాళ్ళకి నీకు అర్థమైందని తెలుస్తుంది.

మైనస్ గుర్తు అంటే భయపడే పిల్లలకి నేనొకటి చెబుతుంటాను. మన గణిత శాస్త్రజ్ఞుడు బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రహ్మస్ఫుటసిద్ధాంతం అనే గ్రంథంలో పాజిటివ్ అంకెను ధనం అన్నాడు, నెగెటివ్ అంకెను ఋణం అన్నాడు. ఆస్తి, అప్పు. అప్పుని అప్పుతో గుణిస్తే ధనం వస్తుందని నియమాలు రాసిపెట్టాడు. ఏడో తరగతిలో ధన సంఖ్యలు, ఋణ సంఖ్యలు అని నువ్వు చదివిన మాటలు అవే. ఇంగ్లిష్ మీడియం పిల్లలకి "నెగెటివ్" అనగానే ఏదో లోపం ఉన్నట్టు వినిపిస్తుంది. నీకు ఋణం అన్న మాట తెలుసు. అప్పు ఉందంటే దాని అర్థం లెక్క తప్పిందని కాదు, ఇవ్వాల్సింది అటువైపు ఉందని. తెలుగు మీడియంలో చదివి వచ్చానని వెనకబడినట్టు రాశావు కదా, ఇలాంటి చోట్ల ఆ చదువే నీకు ఆసరా.

ఇక రెండో లెక్క. నీ నాలుగింటిలో నాకు బాగా నచ్చింది ఇదే. ఆగి ఉన్న బస్సుకి 16 మీటర్ల వెనక ఒక మనిషి ఉన్నాడు. బస్సు 1 మీ/సె² త్వరణంతో బయలుదేరింది. అదే క్షణంలో ఆ మనిషి 6 మీ/సె స్థిర వేగంతో పరిగెత్తడం మొదలుపెట్టాడు. బస్సుని ఎప్పుడు అందుకుంటాడు?

నువ్వు 6టి = 16 + ½టి² అని సరిగ్గా రాశావు. టి² − 12టి + 32 = 0. టి = 4, టి = 8. రెండూ పాజిటివ్! "మైనస్ ఉంటే కొట్టెయ్యి" అన్న సూత్రం ఇక్కడ పనిచెయ్యలేదు. పుస్తకంలో జవాబు 4 అని ఉంది. 8 ఎందుకు కాదు అని అడిగావు. చాలా మంచి ప్రశ్న.

పల్లె వెలుగు బస్సు వెనక పరిగెత్తిన వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. కండక్టర్ బస్సు రేకు మీద రెండు దెబ్బలు కొట్టి "రైట్ రైట్" అంటాడు, బస్సు మెల్లిగా కదులుతుంది. మొదట్లో నీ పరుగు ఎక్కువ, బస్సు వేగం తక్కువ, మధ్యలో దూరం తగ్గుతూ వస్తుంది. 4 సెకన్లకు డోరు అందుతుంది. అప్పుడు బస్సు వేగం 4 మీ/సె, నీది 6. కడ్డీ పట్టుకుని ఎక్కేస్తే కథ అయిపోయింది. కానీ సమీకరణానికి నువ్వు ఎక్కుతావని తెలియదు! దానికి తెలిసిందల్లా ఒక మనిషి 6 మీ/సె తో పరిగెడుతూనే ఉంటాడని. అతను బస్సుని దాటి ముందుకు పోతాడు. ఇంతలో బస్సు పుంజుకుంటుంది. 8 సెకన్లకు బస్సు వేగం 8 మీ/సె అవుతుంది, అతన్ని వెనక నుంచి వచ్చి దాటేస్తుంది. మొదటిసారి మనిషి బస్సుని కలిశాడు, రెండోసారి బస్సు మనిషిని కలిసింది. రెండూ నిజమైన జవాబులే. ప్రశ్న "మొదటిసారి ఎప్పుడు అందుకుంటాడు" అన్న ఉద్దేశంతో అడిగారు కాబట్టి 4 రాస్తాం.

ఇంకొంచెం ముందుకు వెళ్దాం. 16 బదులు 18 మీటర్ల వెనక ఉన్నాడనుకో. టి² − 12టి + 36 = 0. విచక్షణి సున్నా. రూట్ ఒక్కటే, టి = 6. ఆ క్షణంలో బస్సు వేగం కూడా సరిగ్గా 6. అంటే అతను బస్సుని అలా తాకుతాడు, అప్పుడు పట్టుకోకపోతే ఇక ఎప్పటికీ దొరకదు. 20 మీటర్ల వెనక ఉంటే? టి² − 12టి + 40 = 0, విచక్షణి 144 − 160 = −16. బస్సు తప్పిపోయింది.

మొదటి లెక్కలో నెగెటివ్ విచక్షణి వచ్చినప్పుడు నువ్వు గుర్తు తప్పు వేశావు, ఎందుకంటే పైకి విసిరిన బంతి నేల మీద పడకుండా ఉండదు. ఇక్కడ నెగెటివ్ వస్తే లెక్క సరైనదే కావచ్చు, ఎందుకంటే బస్సు తప్పిపోవడం రోజూ జరిగేదే. రెండు చోట్లా ఒకటే −, అర్థాలు మాత్రం వేరు. ఈ తేడా ఫార్ములా చెప్పదు, యాప్ చెప్పదు. కళ్ళు మూసుకుని బంతినీ బస్సునీ ఊహించుకున్నప్పుడే తెలుస్తుంది.

మూడోది ప్రొజెక్టైల్, అంటే వాలుగా విసిరిన వస్తువు లెక్క. 20 మీ/సె తో విసిరిన బంతి 20 మీటర్ల దూరంలో పడాలి. ఎంత కోణంలో విసరాలి? రేంజ్ (బంతి పడే దూరం) ఫార్ములాలో విసిరే కోణం థీటా అనుకుని 20 = (400/10) సైన్ 2థీటా, అంటే సైన్ 2థీటా = ½ దాకా వచ్చావు. అక్కడ 2థీటా = 30°, థీటా = 15° అని రాసి ఆపేశావు. ఆన్సర్ కీలో 15°, 75° రెండూ ఉన్నాయి. ఇక్కడ ఎవరూ రూట్‌ని కొట్టెయ్యలేదు, నువ్వే ఒకదాన్ని దారిలో వదిలేశావు.

ట్రిగనామెట్రీ క్లాసులో "ఆల్ సిల్వర్ టీ కప్స్" అని బట్టీ పట్టిస్తారు కదా. రెండో క్వాడ్రంట్‌లో సైన్ పాజిటివ్. థీటా 0 నుంచి 90 దాకా ఉండొచ్చు, కాబట్టి 2థీటా 0 నుంచి 180 దాకా ఉండొచ్చు. ఆ మధ్యలో సైన్ విలువ ½ అయ్యేది రెండు చోట్ల, 30 దగ్గర, 150 దగ్గర. సగం చేస్తే 15, 75. మ్యాథ్స్ నోట్సులో ఇది నీకు వచ్చు, చేసి ఉన్నావు కూడా. ఫిజిక్స్ నోట్సు తెరవగానే మర్చిపోయావు. రెండు నోట్సులకీ మధ్య గోడ కట్టుకోవద్దు.

20 మీటర్లంటే ఎంతో చూపిస్తాను. క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు, 20.12 మీటర్లు. దాదాపు అంతే. ఒక వికెట్ దగ్గర నుంచి రెండో వికెట్‌కి బంతి విసురుతున్నావనుకో. 15° లో విసిరితే బంతి గరిష్ఠంగా 1.34 మీటర్ల ఎత్తుకి లేస్తుంది, ఒక సెకనుకి కాస్త పైన చేరిపోతుంది. 75° లో విసిరితే 18.7 మీటర్ల ఎత్తుకి, అంటే ఆరంతస్తుల మేడంత ఎత్తుకి వెళ్ళి, 3.9 సెకన్లకు అదే చోట పడుతుంది. (గాలి అడ్డు లేదనుకునే ఈ లెక్కలన్నీ.) రనౌట్ చెయ్యాలంటే ఏది కావాలో నీకు చెప్పక్కర్లేదు. అదే దారి మధ్యలో 5 మీటర్ల గోడ ఉందని ప్రశ్నలో ఇస్తే? అప్పుడు 15° పనికిరాదు, 75° ఒక్కటే జవాబు. ఏ రూట్ ఉంచాలో, ఏది తీసెయ్యాలో ప్రశ్నలోని కథే చెబుతుంది.

నాలుగోది మ్యాథ్స్. ఇది చాలా పాత లెక్క, మా రోజుల నుంచీ ఉంది. 30 సెం.మీ. × 80 సెం.మీ. రేకు నాలుగు మూలల్లో ఎక్స్ భుజంతో చతురస్రాలు కత్తిరించి, అంచులు పైకి మడిచి మూత లేని పెట్టె చేస్తారు. ఘనపరిమాణం గరిష్ఠం కావాలంటే ఎక్స్ ఎంత?

ఇక్కడ వి అంటే ఘనపరిమాణం. వి = ఎక్స్(80 − 2ఎక్స్)(30 − 2ఎక్స్). విడదీస్తే 4ఎక్స్³ − 220ఎక్స్² + 2400ఎక్స్. డిఫరెన్షియేట్ చేసి సున్నాకి సమానం చేస్తే 3ఎక్స్² − 110ఎక్స్ + 600 = 0. (3ఎక్స్ − 20)(ఎక్స్ − 30) = 0. ఎక్స్ = 20/3 లేదా 30. నువ్వు ఇక్కడిదాకా చక్కగా చేశావు. రెండూ పాజిటివ్ కాబట్టి "పెద్దది ఎక్కువ కదా" అని 30 జవాబుగా రాశావు.

ఇంట్లో పాత క్యాలెండర్ అట్ట ఉంటే తీసుకో. కొలతలు సరిగ్గా కుదరకపోయినా పరవాలేదు. పొట్టి అంచు 30 సెం.మీ. అనుకో. ఆ అంచుకి అటు మూల నుంచి 30, ఇటు మూల నుంచి 30 కత్తిరించాలి. మొత్తం 60. ఉన్నదే 30! కత్తెర పెట్టేలోపే నీకు నవ్వొస్తుంది. ఎక్స్ ఎట్టి పరిస్థితుల్లోనూ 15 కన్నా తక్కువే ఉండాలి. నిజానికి లెక్క మొదట్లోనే, డిఫరెన్షియేషన్‌కి వెళ్ళకముందే, "ఎక్స్ 0కీ 15కీ మధ్య" అని ఒక లైను రాసి బాక్సు కట్టాలి. ఆ లైను ఉంటే 30 వచ్చినప్పుడు అదే బయటికి పోతుంది.

సమీకరణం మాత్రం 30 ఎందుకు ఇచ్చింది? వి లో వేసి చూడు: 30 × 20 × (−30) = −18000. ఆల్జీబ్రాకి అట్ట తెలియదు, కత్తెర తెలియదు. మూడు సంఖ్యల గుణకారం మాత్రం తెలుసు. ఆ గుణకారం ఎక్కడ పెరగడం ఆగి తగ్గుతుందో, ఎక్కడ తగ్గడం ఆగి పెరుగుతుందో రెండూ చెప్పింది. సెకండ్ డెరివేటివ్ 24ఎక్స్ − 440. 20/3 దగ్గర −280, అంటే గరిష్ఠం. 30 దగ్గర +280, అంటే కనిష్ఠం. నువ్వు ఆ పరీక్ష చెయ్యకుండా పెద్ద అంకెని ఎంచుకున్నావు.

డెరివేటివ్ మీద నమ్మకం కుదరకపోతే అంకెలు వేసి చూడు. ఇది చిన్నతనం కాదు, నేను ఇప్పటికీ చేస్తాను. ఎక్స్ = 5 అయితే 5×70×20 = 7000. 6 అయితే 6×68×18 = 7344. 7 అయితే 7×66×16 = 7392. 10 అయితే 10×60×10 = 6000. శిఖరం 7 దగ్గర్లోనే ఎక్కడో ఉందని కంటికే కనబడుతోంది. 20/3 అంటే 6.67. ఘనపరిమాణం 200000/27, సుమారు 7407 ఘన సెం.మీ.

ఇలా పాజిటివ్ రూట్‌ని కూడా వదిలెయ్యాల్సి రావడం కొత్తేమీ కాదు. 1114లో పుట్టిన రెండో భాస్కరుడు రాసిన బీజగణితం అనే గ్రంథంలో కోతుల లెక్క ఒకటి ఉంది. గుంపులో అయిదో వంతు తీసుకుని, అందులోంచి 3 తీసేసి, దాన్ని వర్గం చేస్తే ఎన్నో అన్ని కోతులు గుహలోకి వెళ్ళాయి. ఒక్క కోతి కొమ్మ మీద కనబడుతోంది. మొత్తం ఎన్ని? చేసి చూడు, 50 వస్తుంది, 5 కూడా వస్తుంది. భాస్కరుడు 5ని ఒప్పుకోలేదు. 5లో అయిదో వంతు 1. ఒకటిలోంచి 3 తీస్తే −2. కోతులు −2 ఉండవు. వర్గం చెయ్యడంతో ఆ −2 కాస్తా 4 అయిపోయి తప్పు కనబడకుండా దాక్కుంది. నీ పెట్టె లెక్కలో (30 − 2ఎక్స్) మైనస్ అయినట్టే ఇదీ. చివరి జవాబు ఒక్కటే చూస్తే సరిపోదు, దాన్ని తీసుకెళ్ళి ప్రశ్నలోని ప్రతి ముక్కలో పెట్టి చూడాలి. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఆయన చేసిందీ అదే.

మధ్యలో ఇంకోటి అడిగావు: వాలుతలం మీద ఎంజి సైన్ థీటా ఎప్పుడు, ఎంజి కాస్ థీటా ఎప్పుడు అని. ఒక చెక్కని వాలుగా పెట్టి దాని మీద దిమ్మ ఉంచారనుకో: ఎంజి ఆ దిమ్మ బరువు, థీటా చెక్క వాలిన కోణం. దీనికి పెద్ద కథ వద్దు. థీటాని సున్నా చేసి చూడు. చెక్క చదునుగా నేల మీద ఉంది, దిమ్మ జారదు. జార్చే బలం సున్నా కావాలి. సున్నా దగ్గర సున్నా అయ్యేది సైన్. కాబట్టి వాలు వెంట జారేది ఎంజి సైన్ థీటా, చెక్కని నొక్కేది ఎంజి కాస్ థీటా. పరీక్ష హాల్లో అనుమానం వస్తే పది సెకన్లలో తేల్చుకోవచ్చు.

ఇక యాప్ సంగతి. వాడొద్దని చెప్పను. నేను ఇంటర్ చదివేటప్పుడు యాప్‌లు లేవు, గైడు ఉండేది. సాయంత్రం హోంవర్క్ అంటే గైడులోంచి నోట్సులోకి ఎక్కించడమే. అక్షరాలు ముత్యాల్లా రాసేవాణ్ణి, పేజీలు నిండేవి, టిక్కులు పడేవి. క్వార్టర్లీలో అదే లెక్క అంకెలు మార్చి ఇచ్చారు. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆ మధ్యాహ్నం ఇప్పటికీ గుర్తుంది. రాసిన చేతికీ ఆలోచించే బుర్రకీ సంబంధం లేకుండా ఒక ఏడాదిలో సగం గడిచిపోయింది. నీకు అలా కాకూడదనే ఇంత రాస్తున్నాను.

కాబట్టి ఇలా చెయ్యి. లెక్క చదివాక పుస్తకం మూసి, ఏం జరుగుతోందో తెలుగులో నీకు నువ్వే చెప్పుకో. మనసులో కాదు, నోటితో. "బంతి పైకి వెళ్తుంది, ఆగుతుంది, మేడ పక్క నుంచి కిందికి వస్తుంది." తర్వాత బొమ్మ గియ్యి. బొమ్మ పక్కన బాణం వేసి "ఇటు ప్లస్" అని రాయి. ఆ బాణం వెయ్యకుండా ఒక్క అంకె కూడా ఫార్ములాలో పెట్టొద్దు. నీ మొదటి లెక్క పోయింది ఆ బాణం దగ్గరే. ఇరవై నిమిషాలు నువ్వే తంటాలు పడు. అప్పటికీ రాకపోతే యాప్ తెరువు, కానీ ఒక్క లైను చూసి మూసెయ్యి. ఆ లైను నుంచి మళ్ళీ నువ్వే ముందుకు వెళ్ళు. జవాబు వచ్చాక, వదిలేసిన రూట్ పక్కన ఎందుకు వదిలేశావో ఒక వాక్యం రాయి. "రిజెక్ట్" అని మాత్రం రాయొద్దు.

సోమవారానికి కొత్త లెక్కలు పెట్టుకోకు. ఈ నాలుగే ఆదివారం పొద్దున్నే తెల్లకాగితం మీద, ఏదీ చూడకుండా మళ్ళీ చెయ్యి. అంకెలు మార్చి ఇంకోసారి చెయ్యి. మేడ 40 బదులు 15 మీటర్లు పెట్టు (3 సెకన్లు, −1 రావాలి). బస్సు 16 బదులు 10 మీటర్లు పెట్టు (2, 10 రావాలి). అవి వస్తే రాత్రి పెందరాళే పడుకో. పదకొండు దాటాక చేసే లెక్కల్లో ముందు జారిపోయేది మైనస్ గుర్తే. ఇన్నేళ్ళుగా పేపర్లు దిద్దుతూ నేను గమనించింది అది.

టెస్ట్ అయ్యాక, తీరిక దొరికినప్పుడు ఇది చెయ్యి. ఒక బెలూన్ 5 మీ/సె వేగంతో పైకి వెళ్తోంది. నేల నుంచి 60 మీటర్ల ఎత్తులో ఉండగా అందులోంచి ఒక రాయి జారవిడిచారు. ఎంతసేపటికి నేలను తాకుతుంది? జి = 10. జారవిడిచారు అన్నారు కదా అని యు = 0 వెయ్యకు, బెలూన్‌తో పాటు రాయీ పైకే వెళ్తోంది. టి కి రెండు విలువలు వస్తాయి. ఒకటి పుస్తకంలో ఉండే జవాబు. రెండోది ఏ చోటు గురించి, ఏ క్షణం గురించి, ఎంత వేగం గురించి చెబుతోందో రెండు వాక్యాల్లో, తెలుగులోనే రాసి పంపు. చూస్తాను.